వెనక్కి వెళ్లే దారి చెప్పండి: కంప్యూటర్లు చేసేవారికి, అమ్మేవారికి, బాగుచేసేవారికి బహిరంగ లేఖ

కంప్యూటర్ తయారీ సంస్థలకు, అమ్మే షాపులవారికి, సర్వీసు సెంటర్ల యాజమాన్యాలకు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు,

విషయం: ఇంటి కంప్యూటర్‌లో కొత్త విండోస్ తీసేసి పాతది మళ్లీ వేసుకోవాలంటే మాలాంటివాళ్లు పడుతున్న పాట్లు

నమస్కారం.

నేను విజయవాడలో ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాను. పద్నాలుగేళ్లుగా శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇస్తున్నాను. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. మా ఇంటి ఖర్చులో సగం ఆ బల్ల మీద నుంచే వస్తుంది.

నా గోడు ముందు సర్వీసు సెంటర్‌కే చెప్పుకున్నాను. మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ రెండు రోజుల్లో ఫోన్‌కి ఒకటే మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ రాలేదు, ఏం పరిష్కరించారో చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఆ సెంటర్ పేరు గానీ, షాపు పేరు గానీ ఇక్కడ రాయను. వాళ్లొక్కరిని నిలదీస్తే తీరే సమస్య కాదు ఇది. ఏ ఊరు వెళ్లినా ఇదే మాట వినపడుతోంది.

ముందు జరిగింది చెబుతాను.

శ్రావణంలో పెళ్లిళ్లకు కార్డులు ఆషాఢంలోనే పడతాయి. 2025 ఆషాఢంలో నా చేతిలో ఎనిమిది ఆర్డర్లు ఉన్నాయి. ఒకరోజు రాత్రి పని ముగించి కంప్యూటర్ ఆపబోతుంటే స్క్రీన్ నిండా ఒక ప్రకటన వచ్చింది. మీ కంప్యూటర్‌కి విండోస్ 11 ఉచితంగా సిద్ధంగా ఉంది అని. పైగా అక్టోబరులో విండోస్ 10కి సపోర్ట్, అంటే అప్‌డేట్లు రావడం, ఆగిపోతుందని అప్పటికే అందరూ అంటున్నారు. సరే, మంచిదేగా అనుకుని నొక్కాను. నొక్కింది నేనే, ఎవరూ బలవంతపెట్టలేదు. తెల్లారేసరికి కొత్త విండోస్ ఎక్కింది. ఆ తెల్లవారుజామునే మా మావగారు పోయారు.

పదకొండు రోజులు ఆ గదిలోకి ఎవరూ పని మీద వెళ్లలేదు. చుట్టాలు, వంటలు, కర్మకాండ. పెద్దకర్మ అయిన మర్నాడు, ఆగిపోయిన ఆర్డర్లు గుర్తొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైళ్లన్నీ ఉన్నాయి. కానీ నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. దానికి వెనక పక్క యూఎస్‌బీలో పెట్టే లాక్ ఉంటుంది, అది తగిలించి ఉంటేనే తెరుచుకుంటుంది, మా పనివాళ్లంతా దాన్ని లాక్ అనే అంటాం. ఆ లాక్‌లో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, స్క్రీన్ మీద మాత్రం లాక్ దొరకలేదని వస్తోంది. కీబోర్డు మీద 'క' కొడితే ఏదో అక్షరం ముక్క పడుతోంది. అమ్మినతన్ని అడిగితే "ఆ వెర్షన్ పదకొండులో నడవదమ్మా, కొత్తది కొనుక్కోవాలి" అన్నాడు. ఆ సీజన్‌లో, ఆ ఇంటి పరిస్థితిలో, అంత డబ్బు పెట్టే స్థితిలో నేను లేను. నాకు కావలసింది ఒక్కటే: పన్నెండు రోజుల క్రితం పనిచేసిన విండోస్ 10 మళ్లీ రావాలి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ 'గో బ్యాక్' అని ఒక బటన్ ఉంటుంది. మా అబ్బాయి వెతికి చూపించాడు. అది బూడిదరంగులో ఉంది, నొక్కుడు పడటం లేదు. కింద చిన్న అక్షరాల్లో, పది రోజులు దాటింది కాబట్టి ఇక కుదరదని ఉంది.

సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేశాను. "పాత విండోస్ వేయడం కుదరదు మేడమ్, బయట వేయిస్తే వారంటీ పోతుంది" అన్నారు. ఆ వారంటీని డబ్బు కట్టి ఐదేళ్లకు పొడిగించుకున్నదాన్ని నేను. ఎందుకు కుదరదు అంటే జవాబు లేదు. పెళ్లివాళ్ల ఫోన్లు మోగుతున్నాయి. చివరికి దగ్గర్లో ఒక షాపుకి తీసుకెళ్లాను. "ఏడువందలు అవుద్ది అక్కా, ఫార్మాట్ కొట్టి టెన్ వేసేస్తా" అన్నాడు. "డి డ్రైవ్‌లో నా పనంతా ఉంది బాబూ, అది మాత్రం ముట్టుకోవద్దు" అని రెండుసార్లు చెప్పాను. సాయంత్రం తెచ్చుకుని చూస్తే డి డ్రైవ్ ఉంది, లోపల ఏమీ లేదు.

పద్నాలుగేళ్ల పని పోయింది. అందులో ఒక రిటైర్డ్ మాస్టారి పుస్తకం ఉంది. తన ఊరి చరిత్ర, చెరువులు, గుడి మాన్యాలు, వలస వెళ్లిన కుటుంబాల వివరాలు అన్నీ ఆయన చేత్తో రాసుకొస్తే, ఏడాదిపాటు కొద్దికొద్దిగా టైపు చేశాను. 212 పేజీలు, రెండుసార్లు ప్రూఫ్ దిద్దారు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే కొన్ని ఫైళ్లు వచ్చాయి గానీ పేర్లు పోయి అంకెలు మిగిలాయి, చాలావరకు తెరుచుకోవు.

ఆ వారాంతంలో హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. షాపులో వేసిన విండోస్ చూసి "అక్కా, ఇది క్రాక్" అన్నాడు, అంటే అసలు లైసెన్సు లేకుండా నడిచేలా చేసిన దొంగ కాపీ. ఒక ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ తెమ్మన్నాడు. మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచే విండోస్ 10 దాంట్లోకి దించాడు. ఎక్కించేటప్పుడు నా కంప్యూటర్‌తో మొదట వచ్చిన రకమే, అంటే హోమ్ ఎడిషన్, ఎంచుకున్నాడు. లైసెన్సు కీ అడిగినచోట నా దగ్గర కీ లేదు అన్నది నొక్కాడు. ఇంటర్నెట్ తగిలించిన కాసేపటికి యాక్టివేట్ అయిందని దానంతట అదే చూపించింది. నేను పక్కనే కూర్చుని చూశాను. పెన్‌డ్రైవ్ ఖర్చు తప్ప ఒక్క రూపాయి కాలేదు. నా కంప్యూటర్ కొన్నప్పుడే దాని లైసెన్సు నా మదర్‌బోర్డుతో ముడిపడి ఉందట. నేను అప్పటికే డబ్బు కట్టిన వస్తువే అది. లాక్ కూడా వెంటనే పలికింది.

అంటే దారి ఉంది. చట్టప్రకారం ఉంది, ఉచితంగా ఉంది. సర్వీసు సెంటర్ "కుదరదు" అన్న పని మా తమ్ముడు గంటన్నరలో చేశాడు. ఈ లేఖంతా ఆ గంటన్నర గురించే. అది తెలియనందువల్ల మాలాంటి ఇళ్లలో ఏమేం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. పది రోజుల గడువు మా ఇళ్లకు చాలదు. 2015 జూలైలో విండోస్ 10 వచ్చినప్పుడు వెనక్కి వెళ్లడానికి 30 రోజులు ఇచ్చారు. 2016లో దాన్ని పదికి కుదించారు. పాత విండోస్ ఫైళ్లన్నీ సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అవి చాలా చోటు తింటాయి, గడువు దాటగానే చెరిపేస్తారు. కారణం అర్థం చేసుకోగలను. కానీ మా ఇళ్లలో కంప్యూటర్ రోజూ ముట్టుకునే వస్తువు కాదు. ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులు. పంట కోతలప్పుడు, ఆసుపత్రిలో ఎవరైనా ఉన్నప్పుడు, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లినప్పుడు అంతకన్నా ఎక్కువ. కొత్త విండోస్‌లో ఏది పనిచేయదో తెలియాలంటే ఆ పని చేసే రోజు రావాలి. నెలకోసారి స్కానర్ వాడేవాడికి పది రోజుల్లో ఏం తెలుస్తుంది? ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఈ గడువును 60 రోజుల దాకా పెంచుకునే కమాండ్ విండోస్‌లోనే ఉంది, అయితే పది రోజులు దాటకముందే దాన్ని వాడాలి. ఆ మాట అప్‌గ్రేడ్ చేసేటప్పుడు స్క్రీన్ మీద ఎక్కడా కనపడలేదు. నల్ల తెర మీద కమాండ్ కొట్టేవాళ్లకు మాత్రమే తెలిసిన సదుపాయం మాకు ఉన్నట్టా లేనట్టా?

2. "కుదరదు" అనే మాటకు మూడు అర్థాలున్నాయి. సాంకేతికంగా కుదరదు, మాకు తెలియదు, మేం చేయం. ఈ మూడూ వేరు. మీ కౌంటర్లలో మూడింటికీ ఒకే మాట వాడుతున్నారు. నిజంగా కుదరని సందర్భాలూ ఉన్నాయి, వాటిని నేను కాదనను. ఉదాహరణకి ఈనాటి కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 వేద్దామంటే దాని డిస్క్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉండవు, మొదటి స్క్రీన్ దగ్గరే యూఎస్‌బీ మౌసూ కీబోర్డూ చచ్చుబడిపోతాయి. కొత్త ప్రాసెసర్లకు విండోస్ 10, ఆ పైవే నడుస్తాయని 2016 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 32 బిట్ (పాత తరహా) డ్రైవర్ ఉన్న పాత లాక్ 64 బిట్ (కొత్త తరహా) విండోస్‌లో పలకదు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. ఇలాంటివి కస్టమర్‌కి కూర్చోబెట్టి చెబితే అర్థమవుతాయి. మేం చదువుకోని వాళ్లం కాదు. తెలియనిదాన్ని కుదరదని చెప్పడం వల్లే మేం గల్లీ షాపుల పాలవుతున్నాం.

3. వారంటీ పేరు చెప్పి భయపెట్టడం. ఓఎస్ (విండోస్ లాంటి, కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మార్చితే హార్డ్‌వేర్ వారంటీ పోతుందని మీ కాగితాల్లో ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగాను. చూపించలేదు. రాసి ఉంటే అమ్మేటప్పుడే చెప్పండి. లేకపోతే ఆ మాట అనడం మానండి.

4. ఫార్మాట్ కొట్టడమంటే డిస్క్‌లో ఉన్నది చెరిపేయడమని కస్టమర్‌కి తెలియదు, చాలాచోట్ల కొట్టేవాడికీ పూర్తిగా తెలియదు. మా తమ్ముడు చేస్తున్నప్పుడు ఆ స్క్రీన్ చూశాను. అక్కడ సి, డి అనే పేర్లు ఉండవు. డిస్క్‌ని విడగొట్టిన ముక్కలు డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, పార్టిషన్ 3 అని వరుసగా ఉంటాయి, పక్కన సైజులు ఉంటాయి. సైజు చూసి ఏది డి డ్రైవో పోల్చుకోవాలి. రోజుకి పాతిక కంప్యూటర్లు చూసే కుర్రాడు వరసగా అన్నీ డిలీట్ కొట్టి, ఖాళీ అయ్యాక మళ్లీ రెండు ముక్కలు చేసి ఇస్తాడు. అతనికి అది రెండు నిమిషాల పని. నాకు పద్నాలుగేళ్లు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఫార్మాట్ కొట్టేముందు కస్టమర్‌ని పక్కన కూర్చోబెట్టి, ఏ పార్టిషన్ చెరిపేస్తున్నామో చూపించి సంతకం తీసుకోవాలనే నియమం లేనందుకే నా బాధ. ఆపరేషన్‌కి ముందు సంతకం తీసుకుంటారు, బ్యాంకులో నామినీ మార్చడానికి సంతకం తీసుకుంటారు. ఒక మనిషి జీవితకాలపు ఫోటోలు, లెక్కలు, రాతలు చెరిపేయడానికి మాత్రం ఒక నోటిమాట చాలు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలావాటిలో డిస్క్ ముందే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు, ఉంటుంది. దాన్ని తెరిచే కీ 48 అంకెలు, మామూలుగా మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. మా ఎదురింటి అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఏదో మార్చి పాత విండోస్ వేద్దామని చూస్తే నీలం స్క్రీన్ మీద ఆ కీ అడిగింది. ఆ అకౌంట్ షాపువాళ్లు కొన్న రోజు ఏదో మెయిల్ ఐడీతో తెరిచి ఇచ్చారు, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఆమె ప్రాజెక్టు రిపోర్టు ఆ డిస్క్‌లోనే ఉండిపోయింది. అమ్మిన రోజు ఐదు నిమిషాలు కేటాయించి "అమ్మా, ఈ మెయిల్, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి పెట్టుకో, ఈ కీ ప్రింటు తీసుకో" అని ఉంటే సరిపోయేది.

5. క్రాక్. దీని గురించి మెత్తగా చెప్పలేను. నా కంప్యూటర్ హోమ్ ఎడిషన్. షాపులో పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ప్రో కాబట్టి అది ఎక్కించారు. ఎడిషన్ కలవనందువల్ల నేను డబ్బు కట్టిన లైసెన్సు పలకలేదు. దాంతో క్రాక్ వేసి, యాంటీవైరస్ ఆపేసి, "దీన్ని ఆన్ చేయొద్దక్కా, చేస్తే విండోస్ పోద్ది" అని జాగ్రత్త చెప్పి పంపారు. ఆ కంప్యూటర్ మీదే మేం బ్యాంకు లావాదేవీలు చేస్తాం, పిల్లల హాల్ టికెట్లు తీస్తాం, కస్టమర్లు పంపే ఆధార్ కాపీలు ప్రింటు తీస్తాం. అసలైన లైసెన్సు ఉన్న ఇంట్లోకి దొంగ సరుకు తెచ్చిపెట్టి, ఇంటి తలుపు గడియ తీసి ఉంచమన్నట్టు ఉంది ఇది. ఇలాంటివి ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఊహించుకోండి. ఎడిషన్ ఏదో చూసుకుని ఎక్కించడం నేర్పితే ఇందులో చాలావరకు ఆగిపోతుంది.

6. కొనేటప్పుడు చెప్పాల్సింది చెప్పరు. కంప్యూటర్‌తో పాటు వచ్చే ప్రో ఎడిషన్ లైసెన్సులో పాత వెర్షన్‌కి వెళ్లే హక్కు రాసి ఉంటుంది. విండోస్ 11 ప్రోతో వచ్చిన దాంట్లో విండోస్ 10 ప్రో వేసుకోవచ్చు. హోమ్‌తో కొత్తగా వచ్చిన దానికి ఆ హక్కు లేదు. మా ఇళ్లకు అమ్మేవి దాదాపు అన్నీ హోమే. డబ్బా మీద ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత, కెమెరా ఎంత అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఈ తేడా ఉండదు. ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు జనం దాంతో వేగలేక దాని ముందటి ఎక్స్‌పీకి వెళ్లిపోయారు, కొన్ని కంపెనీలు బిజినెస్ రకాల కంప్యూటర్లతో ఎక్స్‌పీ డిస్కులు తామే ఇచ్చాయి. వెనక్కి వెళ్లాలనుకోవడం తప్పు కాదని అప్పట్లో మీరే ఒప్పుకున్నారు.

7. మేం వెనక్కి వెళ్లేది మొండితనంతో కాదు. తెలుగులో పనిచేసేవాళ్ల విషయంలో దీనికి ప్రత్యేక కారణం ఉంది, అది మీలో చాలామందికి తెలియకపోవచ్చు. తెలుగు నేలమీద అచ్చు పనిలో చాలా భాగం ఇప్పటికీ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లతో, 2001లో ఆఖరి వెర్షన్ వచ్చిన పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తోంది. ఆ ఫైళ్లను, పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లు తెరవవు, సీఎస్6 అనే వెర్షన్ దాకా వచ్చినవే తెరుస్తాయి. ఒక ప్రెస్సులో పాతికేళ్ల పుస్తకాలు అలాంటి ఫైళ్లలో ఉంటే కొత్త కంప్యూటర్ వాళ్లకు తాళం పడిన బీరువాతో సమానం. యూనికోడ్‌లో టైపు చేసినవాళ్లకూ చిన్న చిక్కులు తప్పవు. ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి ఫాంట్ విండోస్‌తోనే వచ్చేది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు కావాలంటే విడిగా దించుకోవాల్సిన వాటిల్లోకి వెళ్లాయి. అది తెలియక "నా ఉత్తరం అక్షరాలు మారిపోయాయి, లైన్లు జారిపోయాయి, పాత విండోస్ వేయమ్మా" అని నా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లున్నారు. వాళ్లకు విండోస్ మార్చక్కర్లేదు, ఒక ఫాంట్ దించితే చాలు. చెప్పేవాళ్లుండాలి. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే మనవాళ్లకూ ఇక్కడే ఒక విన్నపం. మీ పాత లాకులు కొన్నవాళ్లను కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి కొనమనకండి. తక్కువ ధరకు మార్చి ఇవ్వండి, పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి తెచ్చే పరికరం సరిగా చేసి ఇవ్వండి. అప్పుడు మేమే ముందుకి వస్తాం.

8. పాతదానిలో ప్రమాదం ఉందని నాకు తెలుసు. 2017 మే నెలలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దాన్ని ఆపే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. సపోర్ట్ అయిపోయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఈ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. నేను చెబితే ఐదుగురు నమోదు చేసుకున్నారు. కాబట్టి మేం ఎప్పటికీ పాతదాంట్లోనే ఉంటామని అడగడం లేదు. మా లాకు, మా ప్రింటర్, మా ఫైళ్లు సర్దుకునేదాకా భద్రంగా వెనక్కి వెళ్లి ఉండే వీలు అడుగుతున్నాం. ఆ వీలు లేకుండా చేస్తే జనం ఆగిపోరు. అప్‌డేట్లు రాని క్రాక్ విండోస్‌లోకి వెళతారు. భద్రత పేరుతో మూసిన తలుపు వల్ల భద్రతే పోతోంది.

ఇక మా డిమాండ్లు. వీటిలో ఏదీ మీకు భారమైనది కాదు.

ఒకటి. అప్‌గ్రేడ్‌కి ఒప్పుకునే స్క్రీన్ మీదే, తెలుగులో, పెద్దక్షరాల్లో, ఎన్ని రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చో చెప్పాలి. ఆ గడువు ఏ కమాండూ కొట్టకుండానే 60 రోజులు ఉండాలి. ముగియడానికి మూడు రోజుల ముందు హెచ్చరిక రావాలి.

రెండు. ప్రతి కొత్త కంప్యూటర్ డబ్బాలో తెలుగులో ఒక పేజీ కాగితం పెట్టండి. ఇందులో ఉన్నది ఏ ఎడిషన్, దీనిలో ఏ పాత వెర్షన్ వేసుకోవచ్చు, ఏది వేయలేరు, ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడ దాచాలి, ఇంతే. షాపులో అమ్మే మనిషి దాన్ని చదివి వినిపించి ఇవ్వాలి.

మూడు. సర్వీసు సెంటరైనా, మామూలు షాపైనా ఫార్మాట్ కొట్టేముందు జాబ్ షీట్ మీద ఏ పార్టిషన్ చెరిపేస్తున్నారు, కాపీ ఎక్కడ తీశారు, ఏ ఎడిషన్ ఎక్కించారు, లైసెన్సు అసలుదా అన్నవి రాసి కస్టమర్ సంతకం తీసుకోవాలి. సంతకం లేకుండా చెరిపేస్తే నష్టం వాళ్లే భరించాలి.

నాలుగు. "కుదరదు" అంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఐదు. ఒక మోడల్ అమ్మిన తర్వాత, దానికి పనిచేసే పాత విండోస్‌కి భద్రతా అప్‌డేట్లు వస్తున్నంత కాలం ఆ డ్రైవర్లు మీ వెబ్‌సైట్‌లో ఉంచండి. తీసేయకండి.

ఆరు, వినియోగదారుల వ్యవహారాల శాఖవారికి. 2022 డిసెంబరులో మీరు రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ మొదలుపెట్టారు. వస్తువు గురించి తెలుసుకునే హక్కు వినియోగదారుడికి ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కంప్యూటర్‌కి ఓఎస్ మళ్లీ వేయడం కూడా రిపేరే. స్క్రీన్ మార్చడం, బ్యాటరీ మార్చడం ఎంత రిపేరో ఇదీ అంతే. ఈ విషయాన్ని ఆ పోర్టల్‌లోకి తీసుకురండి. కంపెనీలు ఏ మోడల్‌కి ఏ వెర్షన్లు వేయవచ్చో అక్కడ తప్పనిసరిగా ప్రకటించేలా చేయండి. కస్టమర్ ఒప్పుకోకుండా ఫిర్యాదును "పరిష్కరించబడింది" అని మూసేసే పద్ధతిని ఆపించండి.

ఈ లేఖ చదివే మామూలు జనానికి ఒక్క మాట. అప్‌గ్రేడ్ నొక్కేముందు మీ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మీ ఎడిషన్ హోమో ప్రోనో చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ రోజు తేదీ కూడా క్యాలెండర్ మీద రాసుకోండి, పది రోజుల లెక్క దానినుంచే. మీ ప్రింటర్, స్కానర్, లాక్ అన్నీ మొదటి రోజే ఒకసారి వాడి చూడండి. ఇంట్లో ఏం జరిగినా సరే.

నా నాలుగో ఫిర్యాదు ఈ లేఖతో పాటే పంపుతున్నాను. 30 రోజుల్లో మనిషి సంతకంతో జవాబు రావాలని కోరుతున్నాను. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. జాబ్ షీట్లు, మెసేజ్‌లు, ఏడువందల రూపాయల బిల్లు అన్నీ దాచి ఉంచాను.

మాస్టారు తన కాగితాల కట్ట మళ్లీ తెచ్చి ఇచ్చారు. కొన్ని పేజీలకు చెదలు పట్టాయి, అక్కడ ఆయన ఫోన్‌లో చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. నిన్నటికి 96 పేజీలు అయ్యాయి. ఈసారి ప్రతి రాత్రీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి, దాన్ని ఆయనకే ఇచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
ఇంట్లో డీటీపీ పని చేసుకునే ఒక వినియోగదారు,
విజయవాడ